కనబడని భారము ఎవరు మోయవలెను?



తిరుత్తణి 1960లో ఆంధ్ర నుండి మద్రాసు రాష్ట్రములో కలిసినను, అక్కడను, తిరువళ్లూరులోను మన ఇండ్లలో తెలుగు మాట నిలిచియే ఉన్నది. ఈ ఊళ్లనుండి తెల్లవారకముందే ఎలక్ట్రిక్ రైలెక్కి చెన్నై ఆసుపత్రులకు పనికి వెళ్లువారిలో నర్సులు, ల్యాబు పనివారు, ఆయాలు ఉన్నారు. వారి కొరకు ఒక ప్రశ్నను ఆలోచింతము.

రొమ్ము క్యాన్సరు ఆపరేషనుకు ముందు టెక్నీషియం-99ఎం అను రేడియోధార్మిక ద్రవ్యమును కొద్దిగా రొమ్ములోనికి ఎక్కిస్తారు. అది చంకలోని మొదటి గ్రంథిని చేరుతుంది. డాక్టరుగారు గామా ప్రోబు సహాయముతో ఆ గ్రంథిని కనిపెట్టి, తీసి, పరీక్షకు పంపుతారు. అందులో క్యాన్సరు లేనియెడల మిగిలిన గ్రంథులన్నిటిని తీయనక్కరలేదు. చేయి వాచు బాధ చాలా వరకు తప్పుతుంది. టెక్నీషియం శక్తి 6 గంటలకు సగమై, 60 గంటలకు సుమారు వెయ్యవ వంతు అవుతుంది. ఇందులో సిబ్బందికి సోకునది బహు స్వల్పము.

పెట్ స్కానులో వాడు ఫ్లోరిన్-18 సంగతి వేరు. అది 110 నిమిషములకే సగమైనను, దాని కిరణములు తీవ్రమైనవి. ఎక్స్‌రే గదిలో వేసికొను సీసపు ఏప్రాను వాటిని దాదాపు ఆపలేదు. అక్కడ కాపాడునవి తక్కువ సమయము, ఎక్కువ దూరము, మందమైన అడ్డు. దూరము రెండింతలైతే సోకునది సుమారు నాలుగవ వంతే.

రోగి మేలు కొరకు పనివారు ఈ కొద్దిపాటి అపాయమును మోయుట న్యాయమేనా? తెలిసి, ఒప్పుకొని మోసినయెడల అది సేవ. డాక్టరుగారు తెలిసియే ఆ పనిలోనికి వచ్చారు. రోగి తడిపిన దుప్పటి మార్చు ఆయాకు ఎవరు చెప్పారు?

"ఉన్నది కొంచెమే గదా, చెప్పి భయపెట్టుట ఎందుకు?" అని కొందరందురు. ఇందులో కొంత దయ లేకపోలేదు. ఆయా భయపడితే రోగికి గ్లాసెడు నీళ్లిచ్చువారు కూడ ఉండరు. అయితే భయము పుట్టించునది సగము తెలివి. ఎన్ని గంటలు, ఎంత దూరము, ఏ చేతితొడుగు, ఏ డబ్బా అని పూర్తిగా తెలిసిన మనిషి ధైర్యముగా రోగి దగ్గరకు పోగలదు. కొంచెమే గనుక చెప్పనక్కరలేదనుట, రూపాయే గదా అని ఒకరి జేబులోనుండి అడుగక తీసికొనుట వంటిది.

మన దేశములో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి హద్దులు పెట్టినది. ఈ పనివారికి 5 సంవత్సరముల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనైనను 30కి మించరాదు. గర్భవతి ఆ సంగతి తెలిపిన తరువాత కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించరాదు. అయితే ఈ కాపుదల ఆమె తెలుపుటపైనే ఆధారపడి ఉన్నది. తెలిపినందుకు దినకూలి పోవునట్లయితే ఆమె దాచిపెట్టును. బ్యాడ్జీలో లెక్క ఎక్కువైతే పని పోవునను భయముంటే, బ్యాడ్జీ బీరువాలోనే ఉండిపోవును. ఆమెను అబద్ధికురాలని అనకముందు, నిజమునకు అంత వెల కట్టినవారెవరని అడుగవలెను. జీతము తగ్గించక వేరే పని చూపించుట యాజమాన్యము యొక్క ధర్మము.

జర్మనీలోని హాంబర్గులో 1936లో, ఎక్స్‌రే, రేడియం పనిలో ప్రాణములు కోల్పోయినవారికి ఒక స్మారకము నిలిపి, 169 పేర్లు చెక్కించారు. వారిలో అనేకులు అపాయము ఎంతటిదో తెలియని కాలములో పనిచేసినవారు. మనకాలములో అది తెలియును; తెలిసినవారు తెలియనివారికి చెప్పకపోవుటయే నేటి తప్పు.

కనుక, ఈ పనిలోనున్న చెల్లెళ్లారా, తమ్ముళ్లారా, బ్యాడ్జీ తప్పక పెట్టుకొనుడి. దానిలో వచ్చిన లెక్కను అడిగి తెలిసికొనుడి. మీ క్రింద పనిచేయువారికి, తుడుచు అమ్మకు సహితము, వారి భాషలో చెప్పుడి. రోగిని విడువకుడి, మిమ్మును మీరును విడువకుడి.