నియమము తప్పినవాడు మరల రావచ్చునా?

గురుసన్నిధిలో విభూతి ధరించి, మద్యము ముట్టనని మాట ఇచ్చిన గృహస్థుడొకడు మూడు నెలలు నిలిచి, ఒక పెండ్లివిందులో మరల త్రాగెను. మరునాడు అతడు వైద్యుని చూడవలసిన దినము. పోవుటకు సిగ్గు. మఠము మెట్లెక్కుటకు భయము. ఇట్టివారు ఊరూర కలరు. అతడు మాట తప్పిన పాపియా, వ్యాధి తిరుగబెట్టిన రోగియా? ఈ ప్రశ్నకు ఇంటివారును, సంఘమును ఇచ్చు సమాధానమును బట్టియే అతడు వైద్యశాల గడప మరల త్రొక్కుటయో, మానుటయో జరుగును.

ముదిరిన త్రాగుడు దురభ్యాసము మాత్రమే కాదు. మధుమేహమువలె దీర్ఘకాలము కనిపెట్టి యుండవలసిన వ్యాధి యని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. చాలమందికి ఆసుపత్రిలో మంచమెక్కవలసిన పని లేదు. ఇంట నుండి, తన పని తాను చేసికొనుచు, చెప్పిన దినమున పోయి మందును, మాటసాయమును పొంది వచ్చిన చాలును. అయితే ఏండ్ల తరబడి అతిగా త్రాగినవాడు వైద్యునికి చెప్పకయే ఒక్కసారిగా మానరాదు. రెండు మూడు దినములలో వణకు, మూర్ఛ, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయము రావచ్చును. ఎవరిని ఇంట నుంచవచ్చునో, ఎవరిని ఆసుపత్రిలో చేర్పవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ వెలువరించిన దేశవ్యాప్త పరిశీలనలో, మద్యమునకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదేని చికిత్స అందినట్లు తేలెను. ఆ ఒక్కడును నడుమ మానివేయుటకు కారణములు పలు. పోయిన దినము కూలి పోవును. కొన్ని వారములలో నిద్రయు, ఆకలియు కుదురుకొనగా, ఇక వైద్యమెందుకను ధీమా కలుగును. వీటన్నిటికంటె బలమైనది సిగ్గు. ఒకనాటి తప్పు ఒక దినమునకే చెందును. ఆ తప్పునకు వెరచి చికిత్స మానినచో, అది బ్రతుకునంతయు మ్రింగివేయును.

ప్రతిసారి క్షమించినచో నియమమునకు విలువ యేమి యని పెద్దలు శంకింతురు. ఆ శంక త్రోసిపుచ్చదగినది కాదు. భార్య కన్నీటిని, బిడ్డల ఆకలిని ఎరిగినవారికి ఆగ్రహము సహజము. కాని మరల రానిచ్చుట వేరు, తప్పును ఒప్పనుట వేరు. “ఫలానా దినమున ఇంత త్రాగితిని” అని వైద్యుని యెదుట దాచక చెప్పుట సులభము కాదు. దాచుటయే అసలైన వ్రతభంగము, చెప్పుట సత్యాచారము. ఇష్టలింగార్చన యైనను నిత్యము చేయవలసినదే గదా! నిన్నటి పూజ నేటికి చాలదు. మద్యము మానుటయు అట్టి నిత్యనియమమే.

శరణుల త్రోవయు ఇదియే. 12వ శతాబ్దపు హెండద మారయ్య కల్లు అమ్ముట కాయకముగా గలవాడు. త్రాగవచ్చినవారికే త్రాగుడు విడువుమని బోధించెనని సంప్రదాయము. మంచివారై రండని అతడు గడపలో నిలిపివేయలేదు. ఇలకల్లు మహాంత శివయోగులు జోలె పట్టి ఊరూర తిరిగి, జనుల వ్యసనములనే భిక్షగా అడిగిరి. 2018లో వారు లింగైక్యులైరి. వారి జన్మదినమైన ఆగస్టు 1ని కర్ణాటకమున వ్యసనముక్త దినముగా పాటించుచున్నారు. జోలె ఒకనాటితో నిండి ముగియునది కాదు. అందు వేసిన దానిని మరల తీసికొన్నవాడు, తిరిగి వేయుటకు వచ్చినపుడు జోలె ముడివేయుట ధర్మమగునా?

ఇంటివారు చేయరాని పని యొకటి కలదు. కొందరు ఆవేదన పట్టలేక, డైసల్ఫిరాం మాత్రను అన్నములో రహస్యముగా కలుపుదురు. ఆ మందు ఒంటిలో నుండగా మద్యము త్రాగినచో వాంతులు, గుండెదడ కలిగి, రక్తపుపోటు పడిపోయి, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును. బ్రతికినను నమ్మకము చచ్చును. రోగికి తెలిపి, అతని సమ్మతితో, వైద్యుని సలహాపై మాత్రమే దాని నీయవలెను. అతడు అంగీకరించినచో, ఉదయము పూజ ముగిసిన వెంటనే ఒకరి యెదుట మాత్ర వేసికొను ఏర్పాటు మంచిది.

దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. తోడుగా వైద్యశాలకు పోవుట, ఆనాటి కూలి పోకుండ చూచుట, విందులో గ్లాసు అందింపకుండుట ఇవియు దాసోహమే. తప్పినవాడు కనబడినపుడు “మరల త్రాగితివట!” అని అడుగువారు ఊరినిండ కలరు. “వైద్యుని వద్దకు ఏ దినమున పోవలెను నాయనా? నేనును వత్తును” అని అడుగువాడు ఒక్కడుండిన చాలును. ఆ ఒక్కడు మఠము నుండి వచ్చినవాడైనచో, మఠమునకు అంతకుమించిన శోభ లేదు.