ఉద్యోగాన్వేషణము – మార్గదర్శి ధర్మము

విద్యార్థి కళాశాలను విడిచి వెలుపలికి వచ్చునప్పుడు అతని చేతిలో పట్టమును, మనస్సులో సంశయమును ఉండును. ఏ వృత్తి తనకు తగును? తగినది దొరకునా? దొరకినది నిలుచునా? ఈ ప్రశ్నలకు నిశ్చితమైన సమాధానమిచ్చుట ఎవరి తరమును గాదు. నేడు గిరాకిగల చదువు నాలుగేండ్లకు అట్లే యుండునన్న నమ్మకము లేదు. కళాశాలకే వచ్చి యెంపిక చేసికొనిన సంస్థలు సైతము చేరిక తేదీని నెలల తరబడి వాయిదా వేయుట కలదు. ఇట్టి సమయమున ఆచార్యుడుగాని, అనుభవశాలియైన పెద్దగాని చేయదగిన సహాయమెట్టిది? దారిని తానే నిర్ణయించి చెప్పుటయా? లేక ధైర్యవచనములు పలికి పంపివేయుటయా?

విచారించినచో ఈ రెండును చాలవు. మొదటిదానివలన పెద్దవాడు తన కాలమున తనకు ఫలించిన బాటనే ఇతరులకును విధించును. యువకుని వివేకము మొద్దువారును. రెండవదానివలన ఇంటిలో పొయ్యి వెలుగదు. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున, ఉపదేశము ముగియవచ్చిన పిదప, శ్రీకృష్ణుడు నిర్ణయమును అర్జునుని విచారణకే విడిచిపెట్టెను. సర్వజ్ఞుడే అట్లు చేయగా, రేపటి సంగతి యెరుగని మానవమాత్రుడు పరుని జీవితమును తానే నిర్ణయింపబూనుట తగునా?

మార్గదర్శి చేయవలసిన పనులు చిన్నవిగనే కనుపించును. విద్యార్థి నిజముగా చేయగల పనులెవ్వో అతనిచేతనే వ్రాయించుట, ఆ వృత్తిలోనున్నవారియొద్దకు పంపి అందలి కష్టసుఖములను, జీతభత్యములను తెలిసికొననిచ్చుట, దరఖాస్తును దిద్దుట, ఇంటర్వ్యూను ముందుగా అభ్యసింపజేయుట, తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పుట నేర్పుట. ఈ కడపటిది సామాన్యమైనది కాదు. కొలువు దొరకదన్న భయము ముదిరినప్పుడే, లేని అనుభవమునకు దొంగ ధ్రువపత్రము కొనుటకును, తండ్రి అప్పుచేసి తెచ్చిన సొమ్మును దళారి చేతిలో పోయుటకును మనస్సు ఒడబడును. ఆ క్షణమున వలదని చెప్పగలవాడొకడు దగ్గర నుండుట గొప్ప రక్షణము.

అపజయము కలిగినప్పుడు మార్గదర్శి అవసరము మరింత యెక్కువ. మదరాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విమాన నిర్మాణశాస్త్రము చదివిన అబ్దుల్ కలాం 1958లో వైమానిక దళమున చేరగోరి డెహ్రాడూన్ వెళ్లిరి. ఎనిమిది స్థానములకు 25 మంది పరీక్షింపబడగా ఆయనకు తొమ్మిదవ స్థానము వచ్చెను. నిరాశతో ఋషీకేశము చేరి స్వామి శివానందను దర్శించినట్లు ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనిరి. స్వామి ఆయనకు ఉద్యోగమిప్పింపలేదు. ఈ వైఫల్యమును మరచి, తాను పుట్టిన ప్రయోజనమును వెదకికొమ్మని బోధించిరి. కలాం ఢిల్లీకి మరలివచ్చి, అంతకుముందే ఇంటర్వ్యూకు హాజరైన రక్షణశాఖ విభాగమున తామే విచారించి, 250 రూపాయల మూలవేతనముపై కొలువున చేరిరి.

విధిని నమ్ముట సోమరితనమునకు దారితీయదా యని కొందరు శంకింపవచ్చును. కలాం ఊరకుండలేదు, రెండవ తలుపు తట్టిరి. ఎనిమిది స్థానములకు 25 మంది వచ్చినచో పదునేడుగురు వెనుదిరుగక తప్పదు. వారందరును అసమర్థులని దాని యర్థము కాదు. ఈ సత్యము తెలిసినవాడు తనను తాను నిందించుకొనక, లోపమున్నచో దిద్దుకొని, మరల ప్రయత్నించును.

ఉద్యోగము దొరకుట పలువురి చేతిలోనిది. దానిని శ్రద్ధతో, సత్యముతో వెదకుట విద్యార్థి చేతిలోనిది. ఈ భేదమును అతనికి బోధపరచి, అతడు నడచునంతవరకు తోడుండి, పిమ్మట తన అవసరము లేకుండజేయుటయే మార్గదర్శి ధర్మము.