బిడ్డను పంపే ధర్మం

బాసరలో గోదావరి ఒడ్డున జ్ఞాన సరస్వతి ఆలయం ఉంది. అక్షరాభ్యాసం అనగానే చాలా తెలుగు కుటుంబాలకు ముందుగా గుర్తొచ్చే క్షేత్రం అది. అక్కడ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చిట్టి చేయి పట్టుకుని పలక మీద తొలి అక్షరాలు దిద్దిస్తారు. అదే బాసరకు ఏటా మరికొందరు తల్లిదండ్రులు వస్తారు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో, పదో తరగతి మార్కులతో సీటు తెచ్చుకున్న పిల్లలను ఆరేళ్ల కోర్సులో చేర్పించడానికి వచ్చేవాళ్లు వీళ్లు. చేతుల్లో పెట్టె, బకెట్, పచ్చడి సీసా ఉంటాయి. పలక పట్టించిన రోజున ముహూర్తం ఉంది, మంత్రం ఉంది, ఏం చేయాలో చెప్పే పురోహితుడు ఉన్నాడు. హాస్టల్ గది చూపించి వెనక్కి తిరిగే రోజున తల్లిదండ్రులకు తోడుగా ఏ తంతూ లేదు.

ఆ రోజు నుంచి వాళ్ల ధర్మం ఏమిటి? ఫీజు కట్టి, రోజూ ఫోన్ చేస్తే తీరిపోతుందా? మమకారం ఎక్కడ ఆగాలి, బాధ్యత ఎక్కడిదాకా సాగాలి అని మన శాస్త్రాలూ ఇతర మతాల గ్రంథాలూ ఎంతగానో ఆలోచించాయి.

భగవద్గీత పదమూడో అధ్యాయం జ్ఞానానికి గుర్తులుగా కొన్ని గుణాలను చెబుతుంది. అహింస, ఓర్పు, గురుసేవలతో పాటు, సంతానంతోనూ ఇంటితోనూ మనసు పెనవేసుకుపోకుండా ఉండటం కూడా వాటిలో ఒకటి. ఆ పెనవేత ఎలా ఉంటుందో శంకరాచార్యులు తన భాష్యంలో వివరించారు. ఎదుటివారు సుఖపడితే తానే సుఖపడ్డట్టు, వారు దుఃఖపడితే తానే దుఃఖపడ్డట్టు, వారి బతుకే తన బతుకన్నట్టు భావించడమే అది. పైకి ఇది ప్రేమలాగే కనబడుతుంది. అయితే మొదటి సెమిస్టర్‌లో ఒక పేపర్ పోయిందని తెలిసి తండ్రి మంచం పట్టిన ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించాలి. ఆ పిల్లవాడు తన ఓటమితో పాటు తండ్రి దుఃఖాన్నీ మోయాలి. రెండో పేపర్ పోయినప్పుడు ఇంట్లో చెప్పడు. అలా దాచడం నేర్పింది ఆ మమకారమే.

గీత కోరే దూరం బిడ్డను పట్టించుకోకపోవడం కాదు. ఛాందోగ్యోపనిషత్తులోని ఉద్దాలక ఆరుణి కథ చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆయన స్వయంగా గొప్ప జ్ఞాని. కొడుకు శ్వేతకేతువుకు ఇంట్లోనే చదువు చెప్పగలడు. అయినా పన్నెండేళ్ల వయసులో గురువుల దగ్గరికి పంపాడు. వేదాలన్నీ చదివి ఇరవై నాలుగేళ్ల వయసులో కొడుకు తిరిగొచ్చాడు, ఇక తెలియనిదేమీ లేదన్న గర్వంతో. తండ్రి ఆ గర్వాన్ని గమనించాడు. నలుగురిలో పరువు తీయలేదు, మురిసిపోయి మెచ్చుకోనూ లేదు. దేన్ని తెలుసుకుంటే తెలియనిదంతా తెలుస్తుందో దాని గురించి మీ గురువులను అడిగావా అని ఒక ప్రశ్న వేశాడు. వాళ్లకు తెలిసి ఉంటే చెప్పకుండా ఉంటారా, మీరే చెప్పండి అన్నాడు కొడుకు. అప్పుడు ఆ తండ్రి మట్టి ముద్దను, మర్రి పండును, నీళ్లలో కరిగిన ఉప్పును చూపిస్తూ ఒకే సత్యాన్ని తొమ్మిది సార్లు బోధించాడు. పన్నెండేళ్ల ఎడబాటు వాళ్లిద్దరినీ దూరం చేయలేదు. చిన్ననాడు కుదరని సంభాషణకు అదే దారి వేసింది.

ఆ బోధలోనే తల్లులకు నచ్చే ఘట్టం ఒకటి ఉంది. పదిహేను రోజులు ఏమీ తినకు, నీళ్లు మాత్రం తాగు అని ఉద్దాలకుడు కొడుకుతో అంటాడు. పదహారో రోజున వేదం చెప్పమంటే శ్వేతకేతువుకు ఒక్క మంత్రమూ గుర్తు రాదు. భోజనం చేసి వచ్చాక అడిగినవన్నీ చెప్పగలుగుతాడు. మనసు అన్నమయం అని ఆ తండ్రి నేర్పిన తీరు అది. రాత్రి ఫోన్‌లో "తిన్నావా నాన్నా?" అని అమ్మ అడిగితే హాస్టల్ పిల్లలు విసుక్కుంటారు. ఆ ప్రశ్నకు ఉపనిషత్తు అండ ఉంది. మెస్ తిండి పడక, నిద్ర చాలక పాఠం బుర్రకెక్కని పిల్లవాడికి మార్కుల లెక్క కన్నా ముందు అడగాల్సింది అదే.

మరి చదువు గురించి ఏమీ తెలియని తల్లిదండ్రుల సంగతేమిటి? ట్రిపుల్ ఐటీల్లో చేరేవాళ్లలో పల్లెల నుంచి, సర్కారు బడుల నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ. ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి మనిషి తానే అయిన పిల్లలూ వారిలో ఉంటారు. వాళ్లకు బ్రాంచి గురించి సలహా ఇచ్చే అన్నయ్య లేడు, ఇంగ్లిష్ పాఠం విడమరిచి చెప్పే పెద్దదిక్కూ లేదు. ఇలాంటి ఇల్లు కూడా ఛాందోగ్యంలో ఉంది. గురువు దగ్గరికి వెళ్తాను, మన గోత్రం ఏమిటి అని సత్యకాముడు తల్లి జబాలను అడిగాడు. నలుగురి ఇళ్లలో పని చేస్తూ వయసులో నిన్ను కన్నాను, నీ గోత్రం నాకు తెలియదు, జబాల కొడుకును సత్యకాముడినని చెప్పు అందామె. ఆ మాటనే యథాతథంగా చెప్పిన పిల్లవాడిని గౌతముడనే గురువు శిష్యుడిగా చేర్చుకున్నాడు. అబద్ధమాడలేదన్నదే ఆయన చూసిన అర్హత. జబాల దగ్గర డబ్బు లేదు, చదువు లేదు, చెప్పుకోవడానికి వంశమూ లేదు. కన్నకొడుకు దగ్గర దాపరికం లేకపోవడమే ఆమె కట్టిచ్చిన మూట. ఈ నెల ఎంత పంపగలరో, ఎంత అప్పు ఉందో బిడ్డకు ఉన్నదున్నట్టు చెప్పే తల్లిదండ్రులు ఆ మూటనే ఇస్తున్నారు.

క్రైస్తవ లోకంలో, మమకారం ఎక్కడ ఆగాలన్న ప్రశ్నకు నిలువెత్తు ఉదాహరణ సెయింట్ అగస్టీన్ కుటుంబం. ఆయన 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తే పట్టణంలో పుట్టాడు. తండ్రి పాత్రిసియస్ అంతంతమాత్రం ఉన్నవాడు. కార్తేజ్ చదువుకు డబ్బు కూడబెట్టేలోగా కొడుకు పదహారేళ్ల వయసులో ఏడాదంతా ఖాళీగా ఇంట్లో ఉండిపోయాడు. తాహతుకు మించి ఖర్చు పెడుతున్నాడని ఊరంతా ఆ తండ్రిని మెచ్చుకుంది. కానీ తాను ఎలాంటి మనిషిగా ఎదుగుతున్నాడో ఆయన పట్టించుకోలేదని అగస్టీన్ తర్వాత ‘కన్ఫెషన్స్’లో రాసుకున్నాడు. తల్లి మోనికా కొడుకు నడవడి గురించి దిగులుపడింది. ఆమె కూడా చదువుకు అడ్డం వస్తుందని పెళ్లి మాట పక్కన పెట్టింది. 383లో అగస్టీన్ రోమ్ వెళ్తూ, స్నేహితుడిని సాగనంపుతున్నానని తల్లికి అబద్ధం చెప్పి రాత్రికి రాత్రే ఓడ ఎక్కాడు. ఆమె తెల్లవారాక తీరానికి వచ్చి విలపించింది. తర్వాత సముద్రం దాటి మిలాన్‌లో కొడుకును చేరింది. 387లో అతడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడాదే ఓస్టియాలో, ఆమె చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, తల్లీకొడుకులు కిటికీ దగ్గర నిలబడి నిత్యజీవం గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరు అన్వేషకులు సాటివాళ్లుగా మాట్లాడుకున్న ఆ ఘడియను అగస్టీన్ ఎంతో ప్రేమగా వర్ణించాడు. ఉపనిషత్తులోని ఉద్దాలకుడికీ ఆఫ్రికా తల్లికీ చివరికి దక్కింది ఒకటే, ఎదిగిన బిడ్డ ఎదురుగా ఉండి మనసు విప్పడం.

పిల్లల్ని అలా వదిలేస్తే చెడిపోరా అన్న భయం ఉత్తిది కాదు. ట్రిపుల్ ఐటీకి వచ్చే పిల్లలకు పదిహేను, పదహారేళ్లే. చట్టం దృష్టిలో ఇంకా మైనర్లు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,000 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. బిడ్డ గొంతులో తేడా వినిపించినా, భోజనం మానేసినా, ఫోన్ ఎత్తకపోయినా బయల్దేరి వెళ్లడమే ధర్మం. 2022లోనే మొదలైన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు పిల్లలే కాదు, దిక్కు తోచని తల్లిదండ్రులూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అలాంటి ఆపదను తల్లిదండ్రులు ముందే పసిగట్టాలంటే, బిడ్డ చెడు వార్తను కూడా ఇంటికి చెప్పగలగాలి.

మొదటి సెమిస్టర్ ముగిసి పిల్లలు సెలవులకు వస్తారు. ఎన్ని మార్కులు, ఏ ర్యాంకు అని చుట్టాలు ఎలాగూ అడుగుతారు. తల్లిదండ్రులు ఉద్దాలకుడి దారి పట్టవచ్చు. అన్నాలు అయ్యాక పక్కన కూర్చుని, ఈ ఆరు నెలల్లో నీకు కొత్తగా తెలిసిందేమిటి, ఇంకా అంతుపట్టనిదేమిటి అని అడిగి, జవాబు ఎంత సేపు సాగినా మధ్యలో అడ్డం రాకుండా వినవచ్చు.