దిక్కు, తోడు, ఎంపిక: వైకల్యం గల వ్యక్తుల నివాసం – ప్రభుత్వ బాధ్యత (నంద్యాల, ఆళ్లగడ్డ నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన)

ఉపోద్ఘాతం

తీవ్ర వైకల్యం గల బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రులను ఒక ప్రశ్న జీవితాంతం వెంటాడుతుంది: "మా తర్వాత వీడికి దిక్కెవరు?" ఈ ప్రశ్నకు సమాజంలో రెండు సమాధానాలు వాడుకలో ఉన్నాయి. తోబుట్టువులు, బంధువులు చూసుకోవాలన్నది మొదటిది. ఎవరూ లేనప్పుడు ప్రభుత్వమో, ధర్మసంస్థో ఆశ్రయం కల్పించాలన్నది రెండవది. రెండూ దయతో కూడినవే. అయితే రెండింటిలోనూ ఆ వ్యక్తి ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో నిర్ణయించేది మరొకరే. వాడుక భాషలోనే ఈ సంగతి కనిపిస్తుంది. చదువు కోసం ఊరు విడిచిన యువకుడిని గురించి "హాస్టల్లో చేరాడు" అంటారు. మేధో వైకల్యం గల యువకుడిని గురించి "హోంలో చేర్చారు" అంటారు. మొదటి వాక్యంలో అతడు కర్త, రెండవ వాక్యంలో కర్మ. కర్త స్థానం ఎవరిదన్నదే వైకల్యం గల వ్యక్తుల నివాసానికి సంబంధించిన అసలు నైతిక ప్రశ్న.

ప్రభుత్వ బాధ్యత కుటుంబం చేతులెత్తేసిన తర్వాత మొదలవుతుందా, కుటుంబం ఉండగానే మొదలవుతుందా? ఆశ్రయం ఇస్తే ఆ బాధ్యత తీరుతుందా, ఎంపికకు వీలు కల్పించినప్పుడే తీరుతుందా? ఈ ప్రశ్నలను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాలకుని ధర్మం: తండ్రి వంటి రాజు

బలహీనుల పోషణ రాజధర్మమన్న భావన భారతీయ సంప్రదాయంలో చాలా పాతది. వ్యాసభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును రాజనీతి గురించి వరుసగా ప్రశ్నిస్తాడు. అంధులను, మూగవారిని, కుంటివారిని, అంగవైకల్యం గలవారిని, బంధువులు లేనివారిని తండ్రి వలె కాపాడుతున్నావా అన్నది వాటిలో ఒకటి. బాలులు, వృద్ధులు, రోగులు, ఆపదలో ఉన్నవారు, అనాథలు – వీరిని రాజు పోషించాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధిస్తుంది. శక్తి ఉండి కూడా ఆలుబిడ్డలను, తల్లిదండ్రులను పోషించని గృహస్థుకు అదే గ్రంథం జరిమానా నిర్ణయిస్తుంది.

ఈ రెండు ఆధారాలలోనూ గమనించదగిన అంశాలు రెండు. ఒకటి, బలహీనుల పోషణ రాజు ఇష్టాయిష్టాలకు వదిలిన దానం కాదు. అది ఆయన జవాబు చెప్పవలసిన విధి. ఇది గొప్ప భావన. రెండవది, ఆ విధికి నమూనా తండ్రి. తండ్రి కాపాడతాడు, బిడ్డ తరఫున నిర్ణయిస్తాడు కూడా. పైగా అర్థశాస్త్ర క్రమంలో ముందు గృహస్థు, తర్వాత రాజు. కుటుంబం ఉన్నంతవరకు భారం దానిదే. ఈనాటికీ సామాన్య ప్రజల ఆలోచనలోను, కార్యాలయాల ఆచరణలోను ఎక్కువగా కొనసాగుతున్నది ఈ క్రమమే.

చట్టం మార్చిన ప్రశ్న

2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దాని 19వ అధికరణం ఇతరులతో సమానమైన ఎంపికలతో సముదాయంలో జీవించే హక్కును గుర్తించింది. తదనుగుణంగా వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2016 మరుసటి ఏడాది ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, ఇది ఇరవై ఒక్కింటిని గుర్తించింది. అయితే అసలైన మార్పు సంఖ్యలో కాక 5వ సెక్షన్‌లో ఉంది. వైకల్యం గల వ్యక్తికి సముదాయంలో జీవించే హక్కు ఉందని, ఫలానా ఏర్పాటులోనే నివసించాలన్న నిర్బంధం ఉండరాదని, ఇంటి వద్ద అందే సేవలు, వసతి సేవలు, వ్యక్తిగత సహాయం మొదలైనవి అందుబాటులో ఉండేలా ప్రభుత్వం కృషి చేయాలని అది చెబుతుంది. వైకల్యం కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయరాదని, బిడ్డ మేలు కోసం తప్పనిసరైతే న్యాయస్థానం ఉత్తర్వుతోనే అది జరగాలని 9వ సెక్షన్ నిర్దేశిస్తుంది. నిత్యజీవితంలో అధిక తోడ్పాటు అవసరమైనవారు దానికోసం దరఖాస్తు చేసుకునే వీలును 38వ సెక్షన్ కల్పించింది. అటువంటివారికి సంరక్షకుల భత్యాన్ని 24వ సెక్షన్ ప్రస్తావించింది.

ఈ నిబంధనలను కలిపి చదివితే పాత క్రమం మారినట్లు స్పష్టమవుతుంది. బంధువులు లేనివారికి ఆశ్రయం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యతలో ఒక భాగం మాత్రమే. బంధువులు ఉన్నవారికి కూడా, వారు ఉన్నచోటనే తోడు కల్పించడం అందులో మరొక భాగం.

పింఛను: చేసిన మేలు, చేయలేని పని

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వైకల్య పింఛను నెలకు 3,000 రూపాయల నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పక్షవాతం, కండరాల క్షీణత వంటి కారణాలతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు నిర్ణయించారు. వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. ఇతరులకు ఇచ్చే సహాయం కంటే వైకల్యం గలవారికి కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని 2016 చట్టం కోరుతుంది. ఆ లెక్కన 5,000 రూపాయలు చాలు. రాష్ట్రం అంతకంటే ఎక్కువే ఇస్తున్నది. సచివాలయ ఉద్యోగి ఇంటికి వచ్చి పింఛను ఇవ్వడం కూడా నైతికంగా చిన్న విషయం కాదు. నడవలేని మనిషిని వరుసలో నిలబెట్టని ప్రభుత్వం అతని గౌరవాన్ని గుర్తించినట్లే.

అయినా డబ్బుతో తీరని అవసరం ఒకటి మిగిలి ఉంటుంది. ఉదాహరణకు ఆళ్లగడ్డ సమీప గ్రామంలో ఒక కూలి కుటుంబాన్ని ఊహించుకుందాం. స్నానం, భోజనం, మలమూత్ర విసర్జన అన్నింటికీ మరొకరి సాయం కావలసిన ఇరవై ఏళ్ల కుమార్తె ఆ ఇంట్లో ఉంది. నాట్లు, కోతల రోజుల్లో తల్లి పనికి పోవాలంటే బిడ్డ వద్ద ఎవరో ఒకరు ఉండాలి. గ్రామీణ ఉపాధి హామీ పథకంలో 2024–25కు రాష్ట్రంలో నిర్ణయించిన రోజు కూలి 300 రూపాయలు. ఆ ప్రకారం 6,000 రూపాయల పింఛను ఇరవై రోజుల కూలికి సమానం. అంటే ఆ పింఛను తల్లి మానుకున్న కూలిని దాదాపు భర్తీ చేస్తుందే తప్ప, బిడ్డకు మందులు, తిండి, ప్రయాణాలకు అదనంగా మిగిల్చేది తక్కువ. సంరక్షణకు మరొకరిని పెట్టుకుందామన్నా శిక్షణ పొందిన సహాయకులు ఆ ఊరిలో లేకపోతే ఆ డబ్బుతో కొనగలిగేది ఏమీ లేదు.

అమర్త్య సేన్ తన 'ది ఐడియా ఆఫ్ జస్టిస్' (2009) గ్రంథంలో వైకల్యం వల్ల కలిగే నష్టాన్ని రెండుగా విడదీశాడు. ఒకటి సంపాదన తగ్గడం. రెండవది, అదే సంపాదనతో ఇతరులు సాధించగలిగినంత సాధించలేకపోవడం. పింఛను మొదటి నష్టాన్ని కొంత పూడుస్తుంది. రెండవ నష్టాన్ని పూడ్చవలసింది సేవలు: ఇంటికి వచ్చే సహాయకుడు, పగటిపూట సంరక్షణ కేంద్రం, తల్లి జబ్బుపడినప్పుడు కొద్దిరోజులు ఉండేందుకు చోటు, పెద్దయ్యాక నలుగురైదుగురు కలిసి ఉండే చిన్న ఇల్లు. జాతీయ ట్రస్టు చట్టం, 1999 కింద రూపొందిన 'సమర్థ్', 'ఘరౌందా' పథకాలు ఈ చివరి అవసరాలను ఉద్దేశించినవే. అవి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారికి పరిమితం. స్వచ్ఛంద సంస్థలు ముందుకు వచ్చినచోటనే అవి నిలబడతాయి. హక్కు దేశమంతటా సమానమైనా, సేవ సంస్థ ఉన్న ఊరికే చేరుతుంది.

దూరం ఒక నైతిక కొలమానం

నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య దూరం సుమారు నలభై కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంత ప్రజలకు జిల్లా కేంద్రం కర్నూలు. ఆళ్లగడ్డ నుంచి అది నూరు కిలోమీటర్లకు పైమాటే. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది. ఈ విధంగా పాలన, వైద్యం దగ్గరకు వచ్చాయి. అయితే చక్రాల కుర్చీలో ఉన్న వ్యక్తికి నలభై కిలోమీటర్లు కూడా చిన్న దూరం కాదు. మెట్లున్న బస్సు ఎక్కలేక, ఆటో మాట్లాడుకొని, తోడుగా మరొకరు ఒకరోజు కూలి వదులుకొని వెళ్లవలసిన ప్రయాణమది. రుద్రవరం, చాగలమర్రి, ఉయ్యాలవాడ మండలాల గ్రామాలవారికి జిల్లా కేంద్రంలోని సేవను నిత్యం వాడుకోవడం సాధ్యం కాదు.

వసతి విషయంలో ఈ దూరం మరింత క్రూరంగా పనిచేస్తుంది. దగ్గరలో తోడ్పాటు లేనప్పుడు కుటుంబం ముందు రెండే దారులు మిగులుతాయి. ఏ సాయమూ లేకుండా ఇంట్లో ఉంచుకోవడం, లేదా దూరపు సంస్థకు పంపి ఏడాదికి ఒకటి రెండుసార్లు చూసి రావడం. మొదటి దారిలో సంరక్షకురాలి జీవితం కరిగిపోతుంది. రెండవ దారిలో వైకల్యం గల వ్యక్తి తన ఊరిని, భాషను, బంధుత్వాలను పోగొట్టుకుంటాడు. రెండింటిలో ఒకటి తీసుకోక తప్పనప్పుడు దానిని ఎంపిక అనలేము.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయం అగ్నికి ఆహుతైనప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. ఆ దుర్ఘటనలో 28 మంది మరణించారు. వారిని అక్కడ వదిలిన కుటుంబాలన్నీ నిర్దయమైనవని తీర్పు చెప్పడం సులభమే గాని, అది న్యాయం కాదు. ఊరిలోనే చికిత్స, తోడు దొరికి ఉంటే ఎందరు అంత దూరం పంపేవారన్నది ఆలోచించవలసిన ప్రశ్న. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ పాఠాన్ని చట్టంలోకి తెచ్చింది. కుటుంబం లేదని గాని, కుటుంబం అంగీకరించలేదని గాని, సముదాయంలో వసతులు లేవని గాని ఒక వ్యక్తిని చికిత్సాలయంలోనే కొనసాగించరాదని 19వ సెక్షన్ చెబుతుంది. వసతులు లేకపోవడం ప్రభుత్వ లోపమే తప్ప, ఆ వ్యక్తి స్వేచ్ఛను హరించడానికి సాకు కాదన్నది దీని సారాంశం.

తెలుగులో 'దిక్కు' అంటే దిశ, రక్షణ కూడా. రక్షణ ఏ దిశలో, ఎంత దూరంలో ఉందన్నది దాని విలువలో భాగమని ఈ నానార్థం గుర్తుచేస్తుంది.

సంరక్షకులకు తోడెవరు?

అమెరికన్ తత్త్వవేత్త ఎవా కిట్టే 'లవ్స్ లేబర్' (1999) గ్రంథంలో ఒక సూత్రం ప్రతిపాదించింది. ఇతరులపై ఆధారపడినవారిని చూసుకునేవారు తాము కూడా ఆధారం కోరవలసిన స్థితిలో పడతారు గనుక, వారిని చూసుకోవడం సమాజ బాధ్యత. బాలింతకు తోడుగా ఉండే స్త్రీని సూచించే గ్రీకు పదం నుంచి ఆమె ఈ సూత్రానికి పేరు తీసుకుంది. తెలుగువారికి ఇది పరాయి భావన కాదు. తొలి కాన్పుకు కూతురిని పుట్టింటికి తీసుకువస్తారు. బిడ్డను ఆమె చూసుకుంటుంది, ఆమెను పుట్టిల్లు చూసుకుంటుంది. బిడ్డ తల్లి బాధ్యతే కదా అని పుట్టింటివారు ఊరుకోరు. అలా సాయం అందినందువల్ల ఆమె తల్లిప్రేమ తగ్గిందని ఎవరూ అనరు. వైకల్యం గల బిడ్డ తల్లికి ఈ పుట్టింటి సాయం కొద్ది నెలలు కాక జీవితాంతం అవసరమవుతుంది. ఆ స్థానంలో నిలవగలిగినది ప్రభుత్వమే.

ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ ఆర్థికమైనది. 24వ సెక్షనే ప్రభుత్వ బాధ్యతను ఆర్థిక సామర్థ్యపు పరిమితికి లోబరిచింది గదా అనవచ్చు. నిజమే. కాని పరిమితి ఎంత ఇవ్వాలన్నదానికి వర్తిస్తుంది, ఎవరి ఇష్టప్రకారం ఇవ్వాలన్నదానికి వర్తించదు. పైగా ఇంట్లో తల్లి చేసే సంరక్షణకు కూడా ఖర్చు ఉంది. అది బడ్జెట్టులో కనిపించకుండా ఆమె కూలి నష్టంగా, ఆరోగ్య నష్టంగా జమ అవుతున్నది.

రెండవది, ప్రభుత్వం తోడైతే కుటుంబధర్మం సడలుతుందన్న భయం. సాయం లేని కుటుంబమే అలసిపోయి చేతులెత్తేస్తుంది. బిడ్డను ఇంట్లోనే ఉంచుకోవాలనుకునే కుటుంబానికి ఆ శక్తినివ్వడం ధర్మాన్ని నిలబెట్టడమే.

మూడవది బలమైనది. కొన్ని ఇళ్లలోనే హింస, నిర్లక్ష్యం ఉంటాయి. అటువంటప్పుడు సంస్థే సురక్షితం కాదా? అందుకే వసతి గృహాలే వద్దనడం సరికాదు. 1978లో ఇటలీ మానసిక చికిత్సాలయాల మూసివేతకు చట్టం చేసినప్పుడు, సముదాయ సేవలు సిద్ధంగా లేని ప్రాంతాలలో భారమంతా కుటుంబాలపై పడింది. ఇంటికి బదులుగా వసతి ఉండాలి. అయితే అది చిన్నదిగా, సొంత ఊరికి దగ్గరగా, ఇష్టం లేనప్పుడు విడిచి వెళ్లగలిగేదిగా ఉండాలి. మాట రాని వ్యక్తి ఇష్టాన్ని ఎలా తెలుసుకోవడమన్నది కష్టమైన ప్రశ్నే. అయినా ఏళ్ల తరబడి దగ్గరగా మెలిగినవారికి సైగలో, ముఖకవళికలో అతని ఇష్టాయిష్టాలు తెలుస్తాయి. అతనిని తెలిసినవారి మధ్య ఉంచడానికి ఇది మరొక కారణం.

ముగింపు

సభాపర్వంలోని ప్రశ్న ఈనాటి పాలకులకూ వర్తిస్తుంది. కాని దానిలోని 'తండ్రి వలె' అన్న మాటను 2016 చట్టం వెలుగులో సవరించుకోవలసి ఉంది. ఎదిగిన సంతానం మాట వినే తండ్రిని మాత్రమే ఆ చట్టం అంగీకరిస్తుంది. పింఛను ద్వారా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైకల్యం గల వ్యక్తి గడప వరకు వచ్చింది. ఆ గడప లోపల రోజూ కావలసిన తోడు, ఆ గడప దాటవలసి వస్తే దగ్గరలో ఒక చోటు – ఈ రెండూ మండల స్థాయిలో ఏర్పడినప్పుడే మిగతా బాధ్యత తీరుతుంది. ఆళ్లగడ్డలో ఒక తల్లి మరణించిన మరునాడు ఆమె కుమార్తె తనకు తెలిసిన వీధిలోనే, తనకు తెలిసిన మనుషుల మధ్యనే నిద్ర లేవగలదా అన్నది ఈ ఏర్పాట్లకు తగిన పరీక్ష. ఈ పరీక్షలో నెగ్గని వసతి ఎంత శుభ్రంగా నడిచినా, అది ఆశ్రయమే అవుతుంది గాని సముదాయంలో జీవించే హక్కు కాజాలదు.