అప్రూవ్ నొక్కిన చేతికి వాటా ఉందా?

కర్త, కారయిత, ప్రేరకుడు, అనుమోదకుడు: మంచికైనా చెడుకైనా ఈ నలుగురికీ ఫలంలో సమాన భాగం ఉంటుందని మన పెద్దల మాట. ప్రవచనాల్లో విని తలూపే ఈ మాట సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి తగిలినంత నేరుగా ఇంకెవరికీ తగలదేమో. కోడ్ రాసినవాడు కర్త. రాయించిన మేనేజరు కారయిత. గడువు పెట్టి తరిమే క్లయింటు ప్రేరకుడు. మరి అనుమోదకుడెవరు? శుక్రవారం సాయంత్రం ఎనిమిది వందల లైన్ల కోడ్ మార్పు పరిశీలనకొస్తే, రెండు నిమిషాల్లో పైనుంచి కిందికి జరిపి, 'ఎల్‌జీటీఎం' (లుక్స్ గుడ్ టు మి, అంటే 'నాకు బాగానే ఉంది') అని కొట్టి, అప్రూవ్ నొక్కేవాడు. కలిగిరి, వింజమూరు, ఉదయగిరి మెట్ట ఊళ్ల నుంచి బీటెక్ చదివి బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిన పిల్లలకు ఇది రోజువారీ పని. ఆ నొక్కుకు ధర్మం లెక్కలో బరువుందా? ఉంది, నిండుగా ఉందనే నా వాదన.

సత్యం కంప్యూటర్స్ వ్యవహారమే చూడండి. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖతో బయటపడిన ఆ మోసంలో ఇన్‌వాయిస్‌ల సాఫ్ట్‌వేరూ ఒక పనిముట్టే. 'సూపర్ యూజర్' లాగిన్‌తో లేని బిల్లులు ఎక్కించి, మిగతా ఉద్యోగుల కంటపడకుండా దాచారని సీబీఐ చెప్పింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. వారిలో ఛైర్మన్ ఉన్నారు, ఫైనాన్స్ ఉద్యోగులున్నారు, లెక్కలు సరేనన్న ఆడిటర్లూ ఉన్నారు. (మే నెలలో అప్పీలు కోర్టు శిక్షల అమలు నిలిపింది.) ఫోక్స్‌వాగన్ కథా ఇలాంటిదే. కాలుష్య పరీక్ష జరుగుతోందని కారే పసిగట్టి, అప్పటికి మాత్రం విషవాయువులు తగ్గించే సాఫ్ట్‌వేర్ కేసులో 2017లో అమెరికా కోర్టు ఇంజనీరు జేమ్స్ లియాంగ్‌కు 40 నెలలు, మేనేజరు ఆలివర్ ష్మిట్‌కు ఏడేళ్లు జైలు వేసింది. పైవాళ్లు ఉన్నారన్నది కిందివాడి తప్పును తుడిచేయలేదు.

ఇక్కడ గీత చదివినవారు అడ్డు తగలవచ్చు. పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పి, తానొక్కడే కర్తననుకోవడం తప్పంటుంది. వందమంది చేతులు పడిన కోడ్‌కు ఒకణ్ణి ఎలా పట్టుకుంటాం? ఒకణ్ణే పట్టుకోకూడదు, నిజమే. అయితే యుద్ధం మానేస్తానన్నవాణ్ణి తిరిగి పనిలోకి దించిన బోధ అది. అందులో బాధ్యత నుంచి తప్పుకునే దారి వెతకలేం. సమాన భాగమంటే పావు వంతని నేననుకోను. పక్కవాడికి ఉన్నంత మాత్రాన నీది తరగదని దాని అర్థం.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఇంటి లోను, చెల్లెలి పెళ్లి, వీసా నెత్తిమీద పెట్టుకున్న కుర్రాడు టీమ్ లీడ్‌ను ఎలా ఎదిరిస్తాడు? ఎదిరించమని నేననను. "ఈ ఫంక్షన్ ఎందుకో అర్థం కాలేదు, చెప్పండి" అని ఒక్క కామెంటు పెడితే చాలు. అది రికార్డులో ఉంటుంది. తెలియక చేశానన్న మాట, తెలుసుకోవడానికే కూర్చోబెట్టిన మనిషికి చెల్లదు. ఏఐ కోడ్ రాస్తున్న ఈ రోజుల్లో ముడి ఇంకా బిగిసింది. యంత్రానికి పాపపుణ్యాలు లేవు గనక కర్త వాటా కూడా అప్రూవ్ నొక్కేవాడి మీదికే వస్తుంది.

రేపు మీ ముందుకొచ్చే పీఆర్‌ను (పుల్ రిక్వెస్ట్, అంటే అనుమతికి పంపిన కోడ్ మార్పును) చదవండి. చదివే తీరిక లేకపోతే లేదనే రాయండి, అప్రూవ్ మాత్రం నొక్కకండి.