మంచం ఎక్కడ వెయ్యాలి?

ఇంట్లో మంచం ఏ గోడకు వెయ్యాలి, కుర్చీ ఎటు తిప్పి పెట్టాలి అనేది నీతికి సంబంధించిన ప్రశ్న అంటే నవ్వేవాళ్ళు ఉంటారు. ఉద్యమంలో తిరిగే తమ్ముళ్ళు ఇంకా ఎక్కువ నవ్వుతారు. భూమి గురించి, శ్మశానం గురించి, మన ఆడవాళ్ళ మీద జరిగే అత్యాచారాల గురించి మాట్లాడాల్సిన చోట సామాన్ల సర్దుడు గురించి ఏందన్నా అంటారు. నవ్వనీండి. పెద్దకులపోడు వీధిన నడిచొస్తుంటే తన గుడిసె ముందర, తన మంచం మీద నుంచి దిగి నిలబడాల్సి వచ్చిన జాతి మనది. మనకు మంచం అంటే ఉత్త చెక్కా నవారూ కాదు. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరు ఎందాకా రావాలి అన్నది ఈ దేశంలో శాస్త్రాలు రాసి మరీ తేల్చారు. రాసినోళ్ళకు చిన్న విషయం కానిది మనకు చిన్న విషయం ఎట్టా అవుతుంది?

మా ఊళ్ళో ఇప్పటికీ రెండు మూడు పాత పెంకుటిళ్ళు ఉన్నాయి. ముందు వీధి, వీధి పక్కన అరుగు, అరుగు దాటితే వసారా, లోపల మండువా, ఆ లోపల వంటిల్లు, దేవుడి గది. ఆ ఇంటిని చూస్తే ఊరి కులాల వరస మొత్తం తెలుస్తుంది. అరుగు దగ్గరే ఆగాల్సిన కులాలు ఉన్నాయి. వసారాలో కుర్చీ వేయించుకునే కులాలు ఉన్నాయి. మండువా దాకా పోయి భోంచేసే కులాలు ఉన్నాయి. మా నాన్న ఆ వరసలో లేనే లేడు. ఆయన దోవ పక్క సందులోంచి దొడ్లోకి. చెప్పులు కుట్టి తీసుకుపోయి దొడ్డి గుమ్మం కాడ నిలబడి "అయ్యా" అని పిలిచేవాడు. ఆయన కుట్టిన చెప్పులు వీధి మెట్ల మీద ఉండేవి. ఆయన మాత్రం దొడ్లో ఉండేవాడు.

అట్లాంటి నాన్న పేరు మీద 2008లో ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. ఇప్పుడు నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ ఉంటున్నది ఆ ఇంట్లోనే. ముందు చిన్న వరండా, మధ్యలో ఒక గది, వెనక వంటకు ఇరుకు చోటు. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. దానికి మూడు తలుపులు. వీధి వైపు ఒకటి, వంట వైపు ఒకటి, ఉద్యోగం వచ్చాక నేను కట్టించిన బాత్‌రూం వైపు ఒకటి. మూడూ లోపలికే తెరుచుకుంటాయి. తలుపు తిరిగే మేర ఏ సామానూ పెట్టడానికి లేదు. నాలుగో గోడకు కిటికీ. ప్లగ్గు ఒకటే. నిండుగా వాడుకోదగ్గ గోడ ఒక్కటీ లేదు. చదువుకున్నోళ్ళం దాన్ని హాలు అంటున్నాం. మా అమ్మ దాన్నే "ఇల్లు" అంటది. ఆమె లెక్క ప్రకారం ఇల్లంటే ఆ ఒక్క గదే.

ఆ గదిలో తెల్లారుజామున అమ్మ ప్రార్థన చేసుకుంటది. పగలు నా భార్య మిషను కుడతది. సాయంత్రం మా పల్లె పిల్లలు పదకొండు మంది చదువుకోడానికి వస్తారు. రాత్రికి అక్కడే తింటాం, అక్కడే పడుకుంటాం. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటే సామానంతా వరండాలోకి పోవాలి.

ఇది మా ఒక్కళ్ళ సంగతి కాదు. ధనంజయ్ కీర్ రాసి 1954లో అచ్చయిన అంబేడ్కర్ జీవిత చరిత్రలో బొంబాయి పరేల్‌లోని గది గురించి ఉంది. ఒకే గది. అదే వంటిల్లు, అదే పడక, అదే చదువుకునే చోటు. కొడుకును ముందు పడుకోబెట్టి తండ్రి రాంజీ రాత్రి రెండింటి దాకా మేలుకునేవాడు. ఆ తర్వాత కొడుకును చదువుకోడానికి లేపి, ఖాళీ అయిన చోట తాను పడుకునేవాడు. చోటు చాలనప్పుడు ఆ తండ్రి పొద్దును పంచాడు. ఇంటికి పెద్దయి ఉండి తన నిద్రను కొడుకు చదువు వెనక్కి జరిపాడు. ఇంటీరియర్ డెకరేషన్ పుస్తకాల్లో ఈ పాఠం ఉండదు. నా గది సర్దేటప్పుడు నాకు దారి చూపింది మాత్రం ఇదే.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో తోటి టీచరు ఒకాయన ఇంటికొచ్చాడు. మనవాడే. చుట్టూ చూసి, "గవర్నమెంటు టీచరువై ఉండి ఇంకా చాపలేంది మాస్టారూ? హాలన్నాక సోఫా ఉండాలి. నలుగురూ వస్తారు, ఏమనుకుంటారు?" అన్నాడు. ఆయన మాటను నేను తీసిపారెయ్యను. నేల మీదే కూర్చోమని శాసించినోళ్ళ ముందు సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చోవడం కూడా ఒక జవాబే. అంబేడ్కర్ సూటును మనం అట్టాగే చదువుకున్నాం. ఆయన సతారాలో చదివిన బడికి రోజూ ఇంటి నుంచి గోనెపట్టా తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ పట్టాను బడి ఊడ్చే నౌకరు కూడా ముట్టుకోడు కాబట్టి సాయంత్రం మళ్ళీ ఇంటికి మోసుకొచ్చేవాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు. గోనెపట్టా మీద కూర్చోబెట్టబడిన జాతి మెత్తటి సీటు కోరుకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు.

అయితే నేను టేపు పెట్టి కొలిచాను. సోఫా సెట్టూ టీపాయీ కలిస్తే 120 చదరపు అడుగుల్లో 35 దాకా పోతుంది. పోయేది ఎవరి చోటు? సాయంత్రం కూర్చునే పదకొండు మంది పిల్లల్లో అయిదారుగురిది. ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేవాళ్ళ కోసం రోజూ ఉండేవాళ్ళు పక్కకు తప్పుకుని నడవాలి. "వాళ్ళు ఏమనుకుంటారు" అన్న మాటలో ఆ వాళ్ళు ఎవరు? మన ఇంట్లో లేని మనిషి మన ఇంటి మధ్యలో కూర్చుని, ఏది ఎక్కడుండాలో చెబుతున్నాడన్నమాట. అతను గడప దాటి రాకపోయినా అతని పెత్తనం వచ్చింది. నేను సోఫా కొనలేదు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాను. ఒకదాంట్లో ఒకటి పెడితే ఒక్క కుర్చీ చోటే పడతది.

తర్వాత తగువు కిటికీ దగ్గర వచ్చింది. గదిలో పగటి వెలుతురు వచ్చేది ఆ ఒక్క కిటికీలోంచే. చదువుకున్న మగాడి ఇంట్లో కిటికీ కింద అతని బల్ల ఉండటం ఆనవాయితీ. నా భార్య ఇంట్లోకి రాగానే అడిగింది: "నువ్వు పగలంతా బళ్ళో ఉంటావు. రాత్రికి ట్యూబులైటు కింద రాసుకుంటావు. నల్ల గుడ్డ మీద నల్ల దారం నేను చీకట్లో ఎట్టా కుట్టాలయ్యా?" అడగాల్సిన ప్రశ్నే. జీతం ఎక్కువ తెచ్చేవాడికి వెలుతురు ఎక్కువ అంటే, పొలం ఎక్కువ ఉన్నోడికి కాలవ నీళ్ళు ముందు అన్నట్టే. ఎవరి పనికి వెలుతురు లేకపోతే జరగదో వాళ్ళకే కిటికీ. మిషను అక్కడే వేశాం. నా కాగితాలు ఒక రేకుపెట్టెలో ఉంటాయి. ఆ పెట్టే నా బల్ల.

గోడలో ఒక గూడు ఉంది. అందులో నా పుస్తకాలూ, మా నాన్న ఆరె, రంపె పక్కపక్కనే ఉంటాయి. చుట్టాల్లో ఒకరు "అవి అటక మీద పెట్టరాదా, వచ్చినోళ్ళకు కనబడతాయి" అన్నారు. కనబడాలనే పెట్టాను. కులవృత్తికి దండం పెట్టడానికి కాదు. కులం పనిని పంచడంతో ఆగలేదని, పనిచేసేవాళ్ళనే విడదీసిందని అంబేడ్కర్ 1936లోనే వాదించాడు. నా పిల్లలు ఆ ఆరె పట్టుకోవాల్సిన అవసరం లేదు. కానీ ఏ పనిముట్టు సంపాదనతో వాళ్ళ నాన్న డిగ్రీ చదివాడో వాళ్ళకు తెలియాలి. దాన్ని దాస్తే సిగ్గుపడాల్సింది కుట్టినోడే గానీ, కుట్టించుకుని ముట్టుకోనోడు కాదు అని నా పిల్లలకు నేనే నేర్పినట్టవుతుంది.

ఇదంతా ఒక ఎత్తు. మా అమ్మ మంచం ఒక ఎత్తు.

అమ్మకు అరవై దాటినయ్. ఊళ్ళో నాట్లేసీ, మిరపకాయలు కోసీ మోకాళ్ళు అరిగిపోయినయ్. ఆమెకు గదిలో మంచి చోటు ఇవ్వాలని నేను, నా భార్య అనుకున్నాం. ఫ్యాను కిందగా నవారు మంచం వేశాం. అమ్మ ఆ మంచాన్ని ఈడ్చుకుంటూ పోయి వరండాలో గడప పక్కన వేసుకుంది. "నాకు ఈ గడప కాడ చాల్లేరా" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. జీవితమంతా ఎవరి గడపల బయటో కూర్చున్న మనిషి సొంత ఇంట్లో కూడా గడప బయటే కూర్చుంటానంటే, అది ఆమె ఇష్టమా? లేక వాళ్ళు నేర్పిన అలవాటు ఆమె నోటితో మాట్లాడుతోందా? అణిచివేతలో పెరిగిన మనిషి కోరికను కోరికగా లెక్కెయ్యాలా వద్దా? ఇది నా దృష్టిలో పెద్ద ప్రశ్న.

నా భార్య అంది: "అత్తమ్మను ఎత్తుకుపోయి నడిమధ్యలో కూర్చోబెడితే అదీ పెత్తనమే. ఆమెనే అడుగు." అడిగాను. అమ్మ నవ్వింది. "ఒరే అయ్యా, ఆళ్ళింటి కాడ గడప బయట కూసున్నా, నిజమే. అది ఆళ్ళ గడప. ఇది నా గడప. ఈడయితే వచ్చేపొయ్యేవోళ్ళు పలకరిస్తారు. లోపల ఆ గాలిమర కింద నాతో ఎవురు మాట్టాడతారు? ఇంట్లోకి ఎవుర్ని రానియ్యాలో ఈడ కూసుంటే నేను చెప్పొచ్చు" అంది.

చోటు ఒక్కటే. అర్థం తిరగబడింది. అక్కడ ఆమెను ఆపిన గడప ఇక్కడ ఆమె కాపలా కాసే గడప అయింది. కాబట్టి మంచం ఎక్కడుందో చూసి సమానత్వం ఉందో లేదో చెప్పలేం. ఆ మంచాన్ని జరిపే హక్కు ఎవరి చేతిలో ఉందో చూడాలి. చలేస్తే అమ్మ ఎవర్నీ అడగకుండా మంచం లోపలికి తెచ్చుకోగలదా? తెచ్చుకుంటది. పిల్లలు లేచి చోటిస్తారు. అయితే ఆ గడప ఆమెదే.

మన చరిత్ర కూడా చాలావరకు మన మంచాలను ఇంకెవరో జరిపిన చరిత్రే. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను వేటాడి చంపారు. బతికినవాళ్ళు ఇళ్ళూ సామాన్లూ వదిలి చీరాలకు వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు పరుపులూ, అంబేడ్కర్ ఫొటో ఎత్తుకుని బయటికి నడిచారు. ఆరుబయట పడక వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. అదే నెల 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. ఒక గది నుంచి పరుపు బయట పడెయ్యడం ఎంత పెద్ద విషయమో అప్పుడు దేశమంతా చూసింది.

మా గదిని ఎంత బాగా సర్దుకున్నా మా కాలనీ ఊరికి ఎడంగానే ఉంది. దాన్ని కుర్చీలు జరిపినట్టు జరపలేం. దానికి భూమి కావాలి, చట్టం కావాలి, పోరాటం కావాలి. ఇల్లు సర్దుకోవడం పోరాటానికి బదులు అని నేను చెప్పడం లేదు. బయట సమానత్వం అడిగేవాడు ఇంట్లో కిటికీ తనకే ఉంచుకుంటే ఆ అడగడంలో బలం ఉండదని చెబుతున్నాను.

ఒక్క సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఊళ్ళోంచి ఎవరైనా పెద్దకులం మనిషి బండి మీద మా వరండా ముందు ఆగితే, గడప కాపలా కాసే మా అమ్మే మంచం మీద నుంచి దిగి నిలబడుతుంది. నొప్పి మోకాళ్ళతోనే. లేవొద్దని నేను చెబితే ఆగదు. ఆమె శరీరానికి అరవై ఏళ్ళు నేర్పిన పాఠం అది. మంచం ఏ గోడకు వేసినా అది పోదు. మా పాపకు ఏడేళ్ళు. నానమ్మ పక్కనే కూర్చుని హోంవర్కు రాసుకుంటది. బండి ఆగినా ఆ పిల్ల లేవదు. తలెత్తి చూసి, "కుర్చీ తెచ్చేదా నాన్నా?" అని అడుగుద్ది. తెమ్మంటాను. వచ్చినాయన కూర్చుంటే కూర్చుంటాడు, లేకపోతే నిలబడతాడు. అది ఆయనిష్టం. మొన్నొకసారి లేవబోతున్న నానమ్మ కొంగు పట్టుకుని పాప "నీకు నొప్పి కదా, కూసో" అంది. అమ్మ సగం లేచి, ఆయన వైపు చూసి, పాప వైపు చూసి, మెల్లగా కూర్చుంది.