తీసేసిన ప్రశ్నలు

థీసిస్ రాసే విద్యార్థుల నోట తరచూ వినపడే మాట: "ఫ్యాక్టర్లు సరిగ్గా రావట్లేదు, ఎలా ఫిక్స్ చెయ్యాలి?" ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి కాబట్టి నాకు ఆ 'ఫిక్స్' దగ్గరే ఇబ్బంది. కోడ్‌లో బగ్ అంటే, ఏం రావాలో ముందే తెలుసు, అది రాలేదని. కానీ ఎక్స్‌ప్లొరేటరీ ఫ్యాక్టర్ ఎనాలిసిస్ పేరులోనే అన్వేషణ ఉంది. సర్వేలో ఏయే జవాబులు కలిసి పెరిగి, కలిసి తగ్గుతున్నాయో చూసి, వాటి వెనకున్నదేమిటో ఊహించడం దాని పని. ఏం తేలాలో ముందే నిర్ణయించుకుంటే ఇక వెతకడం దేనికి?

ఆత్మగౌరవాన్ని కొలవడానికి మారిస్ రోజెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన స్కేలునే తీసుకుందాం. పది వాక్యాలు. ఐదు తనను తాను మెచ్చుకునేవి, ఐదు తక్కువ చేసుకునేవి. అన్నీ కలిపి కొలిచేది ఒకే గుణాన్ని అని ఉద్దేశం. కానీ విశ్లేషిస్తే చాలాసార్లు రెండు ఫ్యాక్టర్లు తేలాయి: మెచ్చుకోళ్ళన్నీ ఒకవైపు, నిందలన్నీ మరోవైపు. ఆ చీలిక మనసులో ఉందా, వాక్యాల అల్లికలో ఉందా అని పరిశోధకులు దశాబ్దాలుగా వాదించుకున్నారు. మన భాషలోనైనా అంతే: "నాకేమీ చేతకాదు" అన్నదాని పక్కన "ఒప్పుకోను" అని టిక్ పెట్టాలంటే ఎవరైనా ఒక్క క్షణం తడబడతారు.

ఇలాంటి ఫలితం ఎదురైన విద్యార్థికి రెండు దగ్గరి దారులున్నాయి. నింద వాక్యాలన్నీ తీసేస్తే టేబుల్ శుభ్రంగా వస్తుంది. తమ గురించి తాము చేదుగా చెప్పుకున్నవాళ్ళ మాట మాత్రం పోతుంది. లేదా రెండో గుంపుకి ఓ మంచి పేరు పెట్టొచ్చు. అప్పుడు వాక్యంలోని మెలిక మనిషి గుణమై కూర్చుంటుంది. ఈ రెండో ప్రమాదం పాతదే. 1904లో స్పియర్‌మన్ పరీక్ష మార్కుల మధ్య సంబంధాల నుంచి 'జనరల్ ఇంటెలిజెన్స్' అనేదాన్ని తేల్చాడు. లెక్కలో తేలినదాన్ని తలలో ఉన్న వస్తువుగా భావించడమేమిటని స్టీఫెన్ జే గూల్డ్ 1981లో 'ది మిస్‌మెజర్ ఆఫ్ మాన్'లో నిలదీశాడు.

అలాగని ఏ మార్పూ చెయ్యకూడదని కాదు. ఐగెన్‌వాల్యూ ఒకటి దాటితే ఫ్యాక్టరే అన్న నియమం ఎస్‌పీఎస్‌ఎస్‌లో డిఫాల్ట్‌గా ఉంటుంది. అది తరచూ లేనిపోని ఫ్యాక్టర్లని కూడా లెక్కేస్తుంది. దాని బదులు, అర్థంలేని అంకెల్లోనూ ఇంత పొందిక కనిపిస్తుందా అని పోల్చిచూసే హార్న్ పద్ధతి (1965) వాడటం న్యాయమైన రిపేరు. ఒకేసారి రెండు విషయాలు అడిగిన ప్రశ్నని తీసెయ్యడమూ అంతే.

మరి గీత ఎక్కడ? నాకు తోచిన పరీక్ష ఇది: ఫలితం మనం కోరుకున్నట్టే వచ్చి ఉంటే, ఈ ప్రశ్నని అప్పుడూ తీసేసేవాళ్ళమా? "లేదు" అనిపిస్తే, ఆ ప్రశ్నలో తప్పు లేదు. మన సిద్ధాంతానికి అది ఎదురు చెప్పింది, అంతే.

సబ్మిషన్ దగ్గరపడ్డాక ఇదంతా చాదస్తంగా అనిపించొచ్చు. కనీసం ఏ ప్రశ్నలు తీశాం, ఏ వరసలో, ఎందుకు అన్నది ఒక పేజీ అనుబంధంగా పెట్టొచ్చు. మిగిలిన నిర్మాణం నిలబడుతుందో లేదో కొత్తవాళ్ళ జవాబుల మీద చూడొచ్చు. వైవాలో ఆ పేజీ వల్ల నాలుగు ప్రశ్నలు ఎక్కువే పడతాయి. సర్వేలో అన్ని ప్రశ్నలకీ ఓపిగ్గా టిక్కులు పెట్టినవాళ్ళకి ఆమాత్రం బాకీ ఉన్నాం.